పురి కట్టే పనితనం

ఇటుకల కొట్టు అయితే ముందు గోడ లేపి, తర్వాత వడ్లు పోస్తారు. పురికి ఆ వరస చెల్లదు. దివిసీమలోనూ, గుడివాడ, బందరు చుట్టుపక్కల ఊళ్లలోనూ రైతు ఇంటి ముంగిట నిలిచిన గడ్డి పురిలో గోడా ధాన్యమూ కలిసే లేచేవి. ఒక చుట్టు వెంటి, అంటే పేనిన గడ్డి తాడు, ఆ ఎత్తుకు వడ్లు. మళ్లీ ఒక చుట్టు, మళ్లీ వడ్లు. గింజ బయటికి తోస్తుంది, వెంటి లోపలికి బిగిస్తుంది. ఆ రెంటి మధ్య పట్టు మీదే మనిషి ఎత్తు దాటిన కొట్టు నిలబడుతుంది. మేకు లేదు, గుంజ లేదు, సున్నం లేదు. పొలంలో పండిన గింజను దాచిపెట్టేది అదే పొలంలో మిగిలిన గడ్డి.

పాతకాలపు జ్ఞాపకంగా ఒక్కసారి తలచుకుని వదిలేస్తే ఈ వస్తువుకు అన్యాయం చేసినట్టే. పంటనుబట్టి పెరగాలి, వాడకాన్నిబట్టి తగ్గాలి, మూత తీసి మళ్లీ పెట్టుకోవడానికి వీలుండాలి, పని అయ్యాక విప్పేసి చుట్టగా పక్కన పెట్టుకోగలగాలి. అలాంటి పాత్ర చేసిపెట్టమని ఇవాళ ఏ ఇంజనీరును అడిగినా, ఆయన తల బద్దలు కొట్టుకోవలసిన చిక్కులన్నిటికీ పురి కట్టినవాళ్లు ముందే జవాబులు వెతుక్కున్నారు.

ఈ నేలకు ఇదే ఎందుకు కుదిరిందో చూడండి. మెట్ట సీమల్లో నేలలో పాతర తవ్వి జొన్నలు దాచారు. కృష్ణ దిగువన అది సాగదు. కాస్త తవ్వితే నీరు తగులుతుంది. సముద్రం దాపుకు పోయేకొద్దీ ఆ నీరూ ఉప్పన. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక పంట పెరిగింది, దాచుకోవలసిన వడ్లు పెరిగాయి. కలపకు ఇక్కడ అడవి లేదు. గడ్డికి మాత్రం కొదవ లేదు. పైగా నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. దాని మీద బిర్రుగా కట్టిన గోడ ఏదో ఒక ఏడు పగులుతుంది. పురి కింద నేల కదిలితే పురి కూడా కాస్త కదిలి సర్దుకుంటుంది.

పని వెంటి పేనడంతో మొదలు. బంతి కట్టి ఎడ్ల చేత తొక్కించిన గడ్డి నలిగి మెత్తబడుతుంది. మేతకు బాగుంటుంది గాని వెంటికి బలం చాలదు. బల్ల మీద కొట్టి గింజ రాల్చిన పనల గడ్డి నిటారుగా, పొడుగ్గా మిగులుతుంది. వెంటికి అది కావాలి. మరీ ఎండిన గడ్డి మెలి తిప్పితే పెటపెటమని విరుగుతుంది. అందుకని నీళ్లు చిలకరించి పదును చేస్తారు. తడి ఎక్కువైతే వెంటిలో బూజు పడుతుంది, ఆ బూజు రేపు వడ్లకు పాకుతుంది. కాబట్టి ఆ చిలకరింపులోనే ఒక లెక్క ఉంది.

వెంటికి ఇద్దరు కావాలి. ఒకరు గడ్డి దగ్గర కూర్చుని అందిస్తుంటే, ఇంకొకరు వంపు కర్రకు మొదటి పోగు తగిలించి, కర్ర తిప్పుతూ వెనక్కి నడుస్తారు. దూరం నుంచి చూస్తే తిప్పేవాడే కష్టపడుతున్నట్టు ఉంటుంది. అసలు పనితనం కూర్చున్నవాడి వేళ్లలో ఉంది. వరి గడ్డి పోచ పొడుగు మూడు నాలుగు అడుగులు మించదు. ఆ పొట్టి పోచలతో పదుల బారల వెంటి రావాలి, ఎక్కడా ముడి ఉండకూడదు. పాత పోచలు అయిపోకముందే కొత్త పోచల కొసలు వాటి మధ్యకు దూరాలి. అన్ని కొసలూ ఒక్కచోటే కలిస్తే అక్కడ తెగుతుంది. అందుకని ఒకటి ముందు, ఒకటి వెనక అందిస్తూ పోతారు. పిడికిట్లోకి వచ్చే గడ్డి కాస్త ఎక్కువైతే అక్కడ వెంటి ఉబ్బుతుంది, తక్కువైతే సన్నబడుతుంది. ఉబ్బిన చోట పై చుట్టు సరిగ్గా కూర్చోదు, సన్నబడిన చోట సందు పడి గింజ కారుతుంది. కంటితో కొలవడానికి వ్యవధి ఉండదు, వేళ్లే కొలవాలి. మెలి తక్కువైతే లాగగానే ఊడుతుంది, ఎక్కువైతే ముడుచుకుని తనమీద తనే చుట్టుకుంటుంది. ఈ రెంటికీ నడుమ మెలి నిలబెట్టే బాధ్యత మాత్రం కర్ర తిప్పేవాడిది.

వరి గడ్డి గరుకు ఇక్కడ అక్కరకొస్తుంది. ఎండిన వరి గడ్డి బరువులో దాదాపు పదో వంతు సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. పోచను పోచ పట్టుకోవడానికి ఆ గరుకు సాయపడుతుంది. గడ్డి తొందరగా చివికిపోకుండా కాసేది కూడా చాలావరకు అదే.

అడుగు గురించి చెప్పవలసింది కొంచెమే. మెరక చేసిన అరుగు, దాని మీద రాళ్లో దుంగలో, ఆపైన ఊక, ఒత్తుగా గడ్డి. నేల తేమ పైకి ఎగబాకకుండా చూడాలి, పందికొక్కు కింద నుంచి తొలచకుండా చూడాలి. పురికి నిజమైన శత్రువు పందికొక్కే. ఎంత బాగా కట్టినా ఆ ఒక్కదానికి గడ్డి గోడ లొంగుతుంది. అరుగు ఎత్తు, చుట్టూ శుభ్రం, ఇంటివాళ్ల కాపలా తప్ప దానికి వేరే మందు లేదు.

గడ్డి పరుపు అంచున మొదటి చుట్టు వేసి వడ్లు పోస్తారు. కుంచంతో కొలుస్తూ, మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అని పిలిచి లెక్క మొదలుపెడతారు. తూముకు 4 కుంచాలు, పుట్టికి 20 తూములు. లోపల ఒకరు తిరుగుతూ కాళ్లతో వడ్లను అంచుకు తొక్కుతారు, బయట ఒకరు వెంటిని అంతే బిగువుతో పరుస్తూ చుట్టూ నడుస్తారు. గింజకూ వెంటికీ మధ్య ఒత్తుగా గడ్డి పరుపు. ఒక వెంటి అయిపోవస్తుంటే దాని కొసను విప్పి, రెండోదాని కొసను అందులో కలిపి మళ్లీ మెలి వేస్తారు. నడుము దాకా చుట్టు కొద్దికొద్దిగా వెడల్పవుతుంది, ఆపైన కొద్దికొద్దిగా లోపలికి వస్తుంది. గీత గీసిన నమూనా ఉండదు. లోపలి మనిషి అడుగులు, బయటి మనిషి చేతులు ఒకదాన్నొకటి సరిదిద్దుకుంటూ ఆ ఆకారాన్ని తెస్తాయి. ఒకవైపు ఎక్కువ తొక్కితే పురి ఒరుగుతుంది. అది పై చుట్లలో సరయ్యేది కాదు, విప్పి మళ్లీ వేయవలసిందే.

ఇంత బరువుకు గడ్డి గోడ ఎందుకు పగలదన్నది సహజంగా వచ్చే సందేహం. 1895లో యాన్సెన్ అనే జర్మన్ ఇంజనీరు సైలోల్లో ధాన్యం ఒత్తిడి మీద ప్రయోగాలు చేసి ఒక సంగతి తేల్చాడు. నీటి తొట్టిలో లోతు పెరిగేకొద్దీ అడుగున ఒత్తిడి అలాగే పెరుగుతూ పోతుంది. ధాన్యంలో అలా కాదు. గింజలు గోడను రాసుకుంటూ తమ బరువులో కొంత గోడ మీదికి నెట్టేస్తాయి. అందువల్ల కొంత లోతు దాటాక ఒత్తిడి పెద్దగా పెరగదు. గోడ ఎంత గరుకైతే అంత బరువు మోస్తుంది. పురి గోడ కన్నా గరుకైన గోడ ఎక్కడుంటుంది! ఆ మోసిన బరువు వెంటి చుట్లను ఒకదాని మీద ఒకటి అదిమి, సందులు మూసేస్తుంది. నింపేకొద్దీ గట్టిపడే గోడ ఇది. నా దృష్టిలో పురి కట్టడంలో ఇంతకన్నా అందమైన సంగతి లేదు.

గోడ లేచాక మెత్తుడు. రేగడి మట్టి ఒక్కటే పూస్తే ఎండి పగులుతుంది. అందులో పేడ, ఊక కలిపి పిసికితే నెర్రెలు తగ్గుతాయి. ఆ పూత వాన జల్లునూ పురుగునూ ఆపుతుంది కాని గాలిని పూర్తిగా ఆపదు. ఇది లోపమని మొదట అనిపించవచ్చు. వడ్లు నిలవ ఉండాలంటే తేమ 14 శాతం దాటకూడదు, ఏడాది పొడుగునా ఉంచాలంటే ఇంకా తగ్గాలి. గాలిలో తేమ 75 శాతం ఉన్నచోట వడ్లు ఎంత ఎండబెట్టినా చివరికి ఆ 14 దగ్గరికే వచ్చి ఆగుతాయి. బందరు తీరంలో గాలి తేమ తరచు అంతకు మించే ఉంటుంది. సార్వా కోతలేమో మంచు కురిసే రోజుల్లో. పంటి కింద గింజ కటుక్కుమనే దాకా ఆరబెట్టినా ఎక్కడో కాస్త చెమ్మ మిగులుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో ఆ చెమ్మ లోపలే ఉడికి గింజను ముక్కబెడుతుంది. గడ్డి గోడ దాన్ని కొంచెం కొంచెంగా పీల్చి బయటికి వదులుతుంది.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన గాలి చొరని సంచులు మంచివే. లోపలి గాలిలో ప్రాణవాయువు అయిపోయి పురుగు ఊపిరాడక చస్తుంది. కాని అవి బాగా ఆరిన గింజకే పనికొస్తాయి. పురి కాస్త తప్పునూ ఓర్చుకుంటుంది. పురుగు విషయంలో మాత్రం పురి వెనకబడిందని ఒప్పుకోవాలి. వేపాకు, వావిలాకు వేసి కొంత అడ్డుకునేవారు. వడ్ల చిలుక ఎక్కువగా పైపొరల్లోనే గుడ్లు పెడుతుంది, లోతుకు పోలేదు. ఆ కారణంగా నడిమి ధాన్యం బతికిపోయేది.

ఇక మూత. చూసేవాళ్లు పురి నడుమును మెచ్చుకుంటారు గాని, కట్టేవాళ్లకు అసలు పరీక్ష పైనే. పైన వడ్లను కుప్పగా పోగుచేసి, గడ్డి పరిచి, దానిమీద గొడుగులా కప్పు వేస్తారు. గడ్డి కట్టల మొదళ్లు పైకి, కొసలు కిందికి. పై వరస కింది వరసను సగానికి పైగా కప్పాలి. అప్పుడే వాన చుక్క పోచ మీంచి పోచ మీదికి జారుతూ లోపలికి దిగకుండా అంచు చేరుతుంది. వాలు తగ్గితే నీరు నిలిచి గడ్డి కుళ్లుతుంది. అంచు పురి నడుము కన్నా బయటికి రావాలి, లేదంటే కారిన నీరంతా ఉబ్బిన గోడ మీదే పడుతుంది. నడినెత్తిన కొసలన్నీ కలిసే చోటు అతి బలహీనమైనది. అక్కడ వెంటి ముక్కతో బిగించి చుట్టి ముడి బిగదీస్తారు. గాలివానలో కప్పు లేచిపోకుండా పైనుంచి నడుము దాకా వెంట్లు అడ్డంగా వేసి కడతారు.

ఇంత గట్టిగా మూసినది మళ్లీ తెరవాలి. వడ్లు దంపుకోవాలన్నా అమ్మాలన్నా వెంట్లు సడలించి, కప్పు దించి, పైనుంచి తీసుకుంటారు. మట్టం తగ్గేకొద్దీ పై చుట్లు విప్పేస్తారు. విప్పిన మేర పురి పొట్టిదవుతుంది, కప్పు మళ్లీ దాని మీదే కూర్చుంటుంది. సగం ఖాళీ అయిన గదిలో ఎలుకకు ఎంత చోటో, ఆ చోటు పురిలో ఉండదు. భుజం దగ్గర ఇరుకుగా ఉన్న నోరు నడుముకు వచ్చేసరికి వెడల్పవుతుంది, అడుగుకు పోయేసరికి మళ్లీ తగ్గుతుంది. మూడు కొలతలకూ ఒకే మూత సరిపోవాలి. గడ్డి మూత పరుచుకోగలదు, ముడుచుకోగలదు కాబట్టే సరిపోతుంది. జపాన్‌లో 60 కిలోల బియ్యం పట్టే గడ్డి సంచి తవరాకు రెండు చివరలా గుండ్రటి గడ్డి మూతలు విడిగా అల్లి బిగించేవారు. మూతను కూడా గోడ సరుకుతోనే చెయ్యాలన్న ఆలోచన వాళ్లకూ మనకూ విడివిడిగా తట్టింది.

ఉప్పెనకు మాత్రం పురి దగ్గర జవాబు లేదు. 1864 నవంబరులో బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన నీటి ముందు ఏ గడ్డి కట్టడమూ ఆగేది కాదు. ఏటా వచ్చే గాలివానలకు, ముసురుకు, మంచుకు తట్టుకోవడానికి కట్టిన వస్తువు ఇది. గుండ్రంగా ఉండడంతో గాలి దాన్ని పట్టి తొయ్యలేక చుట్టూ తప్పుకుపోతుంది.

పురులు తగ్గిపోవడానికి కారణాలు తెలిసినవే. పొట్టి రకాలు వచ్చి గడ్డి పొడుగు తగ్గింది. కోత మిషన్లు వచ్చి ఆ గడ్డినీ నలిపి చేలో పారబోస్తున్నాయి. వడ్లు కళ్లంలోనే 75 కిలోల బస్తాలకెక్కి మిల్లుకు పోతున్నాయి. రైతు ఇంట దాచేది లేనప్పుడు దాచే పాత్ర ఎవరికి కావాలి? అయినా తిండిగింజలకూ విత్తనాలకూ సొంత వడ్లు ఉంచుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. చేలు పడిపోయి మిషను దిగలేని ఏడు కొడవలి కోత తప్పడం లేదు, నిటారు గడ్డి దొరుకుతూనే ఉంది. వెంటి పేనిన చేతులు కూడా ఇంకా కొన్ని ఉన్నాయి.

బాపట్లలో పంటకోత అనంతర పరిజ్ఞాన కేంద్రం ఉంది. పురి కట్టడం చేతనైన పెద్దలను పిలిపించి ఒక పురి నిండుగా కట్టించి, ఏడాది పాటు కొలిపిస్తే బాగుండును. గోడ పక్కన, నడిమధ్యన, కప్పు కింద తేమ ఎంత, వేడి ఎంత, ముసురు రోజుల్లో అవి ఎలా మారుతున్నాయి, మెత్తుడులో ఊక పాళ్లు మారిస్తే ఏమవుతుంది, లోపల సన్నని ఇనుప వల వేస్తే పందికొక్కు ఆగుతుందా అన్నవి చూడాలి. వెంటి అందించే వేళ్ల పనిని దగ్గరనుంచి వీడియో తీసి పెట్టాలి. అన్నిటికన్నా తొందరగా జరగవలసింది ఈ చివరి పనే.