నాంపల్లి అని అడిగితే

ఆదివారం పొద్దున నాంపల్లి స్టేషన్‌లో దిగి, అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల దాకా నడవడం నాకు ఏళ్ల నాటి అలవాటు. ఈ రెండు పేర్లతోనే మా పిల్లలకు ఎస్‌క్యూఎల్ పాఠం మొదలుపెడతాను.

రైళ్ల టేబుల్ ఇచ్చి, నాంపల్లిలో బయలుదేరే బళ్లు తీయమంటాను. సెలెక్ట్ రైలు పేరు, ఫ్రమ్ ఫలానా టేబుల్, వేర్ స్టేషన్ ఈక్వల్ నాంపల్లి. క్వెరీలో తప్పేమీ ఉండదు. ఒక్క వరుసా రాదు, ఎర్రరూ రాదు. "బళ్లే లేవు సార్" అంటారు. టేబుల్‌లో ఉన్నది జనం పిలిచే పేరు కాదు, రైల్వే వాళ్ల కోడ్: హెచ్‌వైబీ. అది పెట్టగానే బళ్లన్నీ వరుసకట్టి దిగుతాయి.

పుస్తకాలాయన్ని ఫలానాది కావాలని అడిగితే చాలు, ఏ దొంతరలో ఉందో ఆయనే చూసుకుంటాడు. డేటాబేస్‌ను కూడా అలాగే అడగగలగాలని 1970లో ఎడ్గర్ కాడ్ రాశాడు. 1974లో ఐబీఎంలో చాంబర్లిన్, బాయిస్ ఆ అడగడానికి, ఎస్‌క్యూఎల్‌కు మూలమైన భాష కట్టారు. ఎలా వెతకాలో చెప్పే పని మనకు తప్పింది. ఏం కావాలో సరిగ్గా చెప్పే పని మాత్రం మనదే.

ఆ పని నేనొకసారి సరిగ్గా చేయలేదు. అబిడ్స్‌లోని సభ్యులకు వైద్య శిబిరం కబురు పంపాలని ఒక సంస్థ నన్ను చిరునామాలు తీసిమ్మంది. ఏరియా ఈక్వల్ అబిడ్స్ అని రాసి, వచ్చిన జాబితా ఇచ్చేశాను. కొందరి చిరునామాలో అబిడ్ రోడ్ అని ఉంది. కొందరు ఇంగ్లీషులో 'ఎస్' ముందు కామాలాంటి గుర్తు పెట్టారు. వాళ్లెవరికీ ఉత్తరం వెళ్లలేదు. శిబిరం అయిపోయాక ఒక పెద్దాయన ఫోన్ చేసి, "మమ్మల్ని మరిచిపోయారా బాబూ" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఈక్వల్ బదులు లైక్ వాడి, 'అబిడ్' తర్వాత ఏమున్నా సరే అనే పర్సెంట్ గుర్తు పెట్టి ఉంటే ఆ మూడు రకాలూ దొరికేవి. ఏరియా గడి ఖాళీగా ఉన్నవాళ్లు అప్పటికీ దొరకరు. ఇక్కడ ఖాళీ అంటే నల్. నల్ దేనికీ సమానం కాదు, దేనికీ భిన్నమూ కాదు. 'అబిడ్స్ కానివి' అని అడిగినా ఆ వరుసలు రావు. ఈజ్ నల్ అని విడిగా అడగాల్సిందే.

ఇప్పుడు ఏ టేబుల్ చేతికొచ్చినా ముందు సెలెక్ట్ డిస్టింక్ట్ ఏరియా నడిపిస్తాను. జనం తమ పేటను ఎన్ని రకాలుగా రాసుకున్నారో అంతా తెర మీదికి వస్తుంది. ఆ జాబితాను పై నుంచి కింది దాకా పిల్లల చేత పైకి చదివిస్తాను. అది పూర్తయ్యాకే వేర్ రాయనిస్తాను.