మట్టి గోడకు పట్టిన రంగు

సిమ్లా దాటి సట్లెజ్ వెంట ఎగువకు పోయే రోడ్డు ఖాబ్ దగ్గర స్పితి నదిని కలుసుకుంటుంది. దేవదారులు అప్పటికే వెనకబడిపోతాయి. అక్కణ్ణుంచి కొండా, ఊరూ, ఇల్లూ, గుడీ అన్నీ ఒకటే మట్టి రంగు. నాకో, తాబో, ధన్‌కర్, లాలుంగ్, కాజా, కీ చూసుకుని, కుంజుమ్ కనుమ మీదుగా మనాలీలో దిగితే వారం పడుతుంది. ఈ దారిన మంచు శిఖరాల కోసం వెళ్లేవాళ్లే ఎక్కువ. గోడల కోసం వెళ్లేవాళ్లు బహు కొద్దిమంది. ఈ వ్యాసం ఆ కొద్దిమంది పక్షం.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పదో శతాబ్దం చివర పశ్చిమ టిబెట్‌లో గూగే రాజ్యాన్ని ఏలిన యేషే ఓ, బౌద్ధాన్ని మళ్లీ వేళ్లూనించడానికి కుర్రవాళ్లను ఏరి కాశ్మీర్‌కు చదువుకు పంపాడు. అలా వెళ్లి గొప్ప అనువాదకుడై తిరిగొచ్చినవాడు రిన్‌చెన్ జాంగ్‌పో (958–1055). వస్తూ కాశ్మీర్ నుంచి 32 మంది కళాకారుల్ని వెంట తెచ్చాడనీ, 108 గుళ్లు కట్టించాడనీ అంటారు. ఆ లెక్కలు ఎలా ఉన్నా, ఆ కాశ్మీరీ చేతివాటం మాత్రం ఈ లోయ గోడల మీద కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

మొదట నాకో. 3,600 మీటర్ల ఎత్తున చిన్న చెరువు, దాని పక్కన రాళ్ల ఇళ్లు, ఊరి చివర నాలుగు పాత గుళ్లు. బయట నుంచి చూస్తే ధాన్యపు కొట్లేమో అనిపిస్తాయి. లోపలికి అడుగుపెడితే గోడలు రంగులతో నిండి ఉంటాయి. మట్టి గోడ మీద బొమ్మ నిలవాలంటే ముందు గోడను సిద్ధం చేయాలి. తరిగిన గడ్డి కలిపిన ముతక మట్టి ఒక పూత, జల్లించిన మెత్తని మట్టి ఇంకో పూత, ఆపైన తెల్లటి పలచని పూత. అది పూర్తిగా ఆరాకే రంగు. తడి సున్నం మీద గబగబా గీసే పద్ధతి ఇక్కడ లేదు; అజంతాలో లాగే ఆరిన గోడ మీద జిగురు కలిపిన రంగులు వేస్తారు. జిగురు తక్కువైతే రంగు పొడిలా రాలిపోతుంది, ఎక్కువైతే పెచ్చులు లేస్తుంది. ఆ పాళ్లు తెలిసినవాళ్లు వేసిన రంగు గనకే 1975 భూకంపం గోడల్ని పగలగొట్టినా బొమ్మలు మిగిలాయి.

ఇక తాబో. 996లో మొదలైంది, 1042లో బాగుచేయించారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా పూజ ఆగని గుడి. ‘హిమాలయాల అజంతా’ అని టూరిజం వాళ్లు రాసుకుంటారు గానీ, తాబోకు అరువు పేరు అవసరమే లేదు. లోపల ఫొటోలు తీయనివ్వరు, కరెంటు దీపాలు లేవు. పైకప్పులోని చిన్న కంత గుండా పడే వెలుతురుకు కళ్లు అలవాటు పడాలి. అప్పుడు ఒక్కొక్కరే పైకి తేలుతారు: గోడల పొడవునా, మనిషి తలకు పైన, గాల్లో కూర్చున్నట్టున్న మట్టి దేవతలు. మధ్యలో నాలుగు దిక్కులకూ ముఖం పెట్టి, వీపులు ఆనించుకుని కూర్చున్న వైరోచన బుద్ధుడు. ఆయనతో కలిపి 33 మూర్తులు. హాలు మొత్తం ఒక వజ్రధాతు మండలం. వేరేచోట బట్ట మీద గీసే మండలంలో ఇక్కడ భక్తుడు నడుస్తాడు.

ఆ దేవతల్ని గోడకు కర్ర మేకులతో నిలిపారు. లోపల కర్ర, దాని చుట్టూ గడ్డి కలిపిన మట్టి, పైన మెత్తని మట్టితో ముక్కూ కళ్లూ వేళ్లూ, ఆ తర్వాత రంగు. రాయి కాదు, కంచు కాదు. బంకమట్టితో ఆ నడుము వంపు, ఆ వేళ్ల సన్నదనం తీశారంటే ఆ చేతులకు దండం పెట్టాల్సిందే. దేవతల పాదాల కింద గోడ చుట్టూ రెండు కథలు నడుస్తాయి. ఒకటి బుద్ధుడి జీవితం. రెండోది గండవ్యూహ సూత్రంలోని సుధనుడి యాత్ర: జ్ఞానం కోసం ఒక గురువు నుంచి మరో గురువు దగ్గరకు తిరిగిన కుర్రవాడి కథ. అతను బయలుదేరిన దక్షిణాది ఊరు ధాన్యాకరం. అది మన ధాన్యకటకమేనని, అంటే అమరావతేనని కొందరు పండితుల మాట. తెలుగువాడికి తాబోలో చుట్టరికం వెతుక్కోవడానికి అది చాలు. చుట్టరికం మరోటి కూడా ఉంది. ధాన్యకటకంలోనే బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించాడని టిబెట్ సంప్రదాయం నమ్ముతుంది. దలైలామా కాలచక్ర దీక్షను 1996లో తాబోలో, 2000లో కీలో, 2006లో అమరావతిలో ఇచ్చారు.

లదాఖ్ అభిమానులు ఇక్కడ అడ్డం పడతారు: మరి ఆల్చీ సంగతేమిటి? నిజమే, ఆల్చీ మూడంతస్తుల గుడిలో మంజుశ్రీ కట్టిన ధోవతి మీద 84 మంది సిద్ధుల్ని గీసిన కుంచెకు సాటి లేదు. తిక్సేలో శిల్పి నవాంగ్ త్సెరింగ్ చేయి పెట్టి నిలబెట్టిన 15 మీటర్ల మైత్రేయుడైతే ఈ విద్య మన కాలంలోనూ చావలేదని చూపిస్తాడు. ఆ పనికి నాలుగేళ్లు పట్టింది. అయినా గది మొత్తాన్ని ఒక్క ఊహతో నింపిన తాబో ముందు అవన్నీ ఒక మెట్టు దిగువే.

గోడ మీది విద్యే బట్ట మీదికి వస్తే థాంకా. నూలు బట్టను చట్రానికి దారాలతో బిగించి కడతారు. తోలు ఉడికించి తీసిన వజ్రం జిగురులో సుద్ద కలిపి రెండు వైపులా పూసి, నున్నటి రాయితో రుద్దుతారు. చేర్యాల నకాషీలు ఖద్దరుకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించే పని తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. తర్వాత కొలతల గీతలు. శాక్యముని విగ్రహం ఒక పద్ధతి ప్రకారం 125 అంగుళాలు. ఇక్కడ అంగుళం అంటే బొమ్మలోని వేలి వెడల్పు. మన స్థపతుల తాళమానం లాంటిదే ఇదీ. చిత్రకారుడి ఇష్టానికి వదిలేది మబ్బులూ, కొండలూ, పూలూ.

రంగులన్నీ ప్రకృతి నుంచి వచ్చేవే. ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం, ఆకుపచ్చకు మాలకైట్, నీలానికి అజురైట్. అజురైట్‌ను ముతకగా నూరితే ముదురు నీలం, మెత్తగా నూరేకొద్దీ లేత నీలం. అంటే రోలు దగ్గర కూర్చున్నవాడి చేతిలోనే ఆకాశం రంగు ఉంటుంది. ఛాయలు తేల్చడానికి నీలిమందు, లక్క రంగు వాడతారు. చిత్రకారుడు కుంచె మొనను పెదాల మధ్య తడుపుకుంటూ, చుక్క పక్కన చుక్క పెడుతూ పోతాడు. ఆకాశం పైనుంచి కిందికి పలచబడాలంటే వేల చుక్కలు పడాలి. ఆ తర్వాత బంగారు పొడి పూసి, అవసరమైన చోట మాత్రమే నున్నటి రాయితో రుద్దుతారు; రుద్దిన గీత మెరుస్తుంది, రుద్దనిది మెత్తగా ఉండిపోతుంది. కళ్లు అన్నిటికంటే చివర. మన విగ్రహాల నేత్రోన్మీలనం లాగే దానికీ ప్రత్యేకమైన పూజ ఉంది. పెద్ద థాంకాకు నెలలు పడతాయి.

ఇంత పనికి బజారులో పట్టిన గతి చూస్తే కడుపు మండుతుంది. లేహ్‌లో, మనాలీలో, మెక్లియోడ్‌గంజ్‌లో దుకాణాల నిండా కంప్యూటర్ ప్రింట్లే. పైపైన నాలుగు బంగారు గీతలు లాగి ‘చేత్తో వేసింది’ అని అమ్మేస్తారు. కొనేవాడు ఒక్క నిమిషం ఓపిక పడితే దొంగ దొరికిపోతాడు. భూతద్దం పెడితే ప్రింటు చుక్కలు వరసగా కనిపిస్తాయి. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే రాతి నీలం రేణువులు మెరుస్తాయి, సిరా మెరవదు. వెనక్కి తిప్పితే దేవత నుదురు, గొంతు, గుండె ఉన్నచోట ఓం, ఆః, హూం అక్షరాలు చేత్తో రాసి ఉండాలి. ప్రింటు కొనేవాళ్లు ప్రింటనే కొనుక్కుంటే తప్పు లేదు. అబద్ధం చెప్పి అమ్మడమే ద్రోహం. ఆరు నెలలు కూర్చున్నవాడి పనిని పక్క దుకాణంలో గంటలో తీసిన కాగితంతో బేరమాడితే ఏ కుర్రాడు ఈ విద్య నేర్చుకుంటాడు?

గోడల కష్టం ఇంకో రకం. ధన్‌కర్ పాత గొంపా, అంటే బౌద్ధ మఠం, కరిగిపోతున్న మట్టి శిఖరం అంచున వేలాడుతోంది. 2006లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. మంచు తప్ప వాన పెద్దగా ఎరగని లోయ కోసం కట్టిన చదును మట్టి కప్పులు ఇప్పుడు వానలకు కారుతున్నాయి. కారిన నీళ్లు బొమ్మల మీద చారలు కడుతున్నాయి. దానికి మందుగా సిమెంటు పూయడం మరీ ఘోరం. మట్టి గోడ తేమను పీల్చి బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బిగబట్టి, గోడను లోపలి నుంచి కుళ్లబెడుతుంది. పాత బొమ్మల మీద ఎనామెల్ రంగు కొట్టి ‘కొత్తగా చేశాం’ అని మురిసిపోయే భక్తుల్ని ఏమనాలి?

దారి లేకపోలేదు. లదాఖ్‌లోని బాస్గోలో ఊరివాళ్లే పూనుకుని మైత్రేయ గుళ్లను పాత పద్ధతిలో బాగుచేసుకున్నారు. 2007లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో అత్యున్నత పురస్కారం వాళ్లకే దక్కింది. ధర్మశాల దగ్గర నార్బులింగ్కాలో, లేహ్ దగ్గర చోగ్లమ్‌సర్ బౌద్ధ విద్యాసంస్థలో కుర్రవాళ్లు ఇంకా కొలతల గీతలు గీస్తున్నారు. థాంకా కావాలనుకున్నవాళ్లు దుకాణంలో బేరం మానేసి, ఇలాంటి చోట చిత్రకారుడికి ముందుగా డబ్బిచ్చి నెలల తరబడి ఆగాలి. పురావస్తు శాఖ తాబో కప్పుల మీద మట్టిని ఏటా సరిచేయించాలి, అదీ ఆ పని తెలిసిన స్పితి మేస్త్రీల చేత. తెలుగు యాత్రికులు మనాలీ వైపు నుంచి ఒక్కరోజులో కాజా ముట్టుకుని పారిపోకుండా, కిన్నౌర్ దారిన ఎక్కి, తాబోలో కనీసం రెండు రాత్రులు ఆగాలి. లామాను అడిగి, తలుపు తీయించుకుని, ఆ చీకటి గదిలో ఒక పూట కూర్చోవాలి.