మూడు గోదావరులు

సూరత్ సాంచెల చప్పుడులో నలభై ఏళ్లు గడిపిన నేతగాణ్ణి నేను. యుద్ధనౌకల పుస్తకానికి ముందుమాట రాయమని మా వాడకట్టు బిడ్డ అడిగినప్పుడు జంకాను. రాతప్రతి చేతికొచ్చాక రెండు రాత్రులు కిందపెట్టలేదు.

ఒకే పేరు మోసిన నౌకల కథలివి. గోదావరి అధ్యాయం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మొదటి గోదావరి ఇంగ్లండులో తయారై 1943లో నీళ్లలోకి దిగింది. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఇంట్లో బిందెలూ చెంబులూ పంచుకున్నట్టు, 1947లో నౌకలనూ పంచుకున్నారు. గోదావరి పాకిస్తాన్ వాటాకు పోయి ‘సింధ్’ అయింది. గోదావరి పేరు మళ్లీ మనకు కావాలనుకున్నారు కాబోలు, 1953లో బ్రిటన్ నుంచి అరువు తెచ్చుకున్న ‘బెడేల్’కు పెట్టుకున్నారు. అంతకుముందు ప్రపంచయుద్ధంలో పోలండు నావికులు నడిపిన ఓడ అది. మూడోది 1983లో వచ్చింది, ముంబై మజగావ్ డాక్‌లో మనవాళ్లే కట్టింది. ఒక్క పేరును పట్టుకుని దేశం నడిచిన దారంతా చూపించింది ఈ పిల్ల. కృష్ణ పేరుకూ ఇలాంటి కథే ఉంది. ‘కిస్ట్నా’గా మొదలై మన ఉచ్చారణకు వచ్చింది.

ఇక మా ఊరి సంగతి. 2025 జనవరి 15న ముంబైలో నీలగిరి, వాఘ్‌షీర్, సూరత్ ఒకేరోజు నౌకాదళంలో చేరాయి. మొదటి రెండూ పాత నౌకల పేర్లే, సూరత్ కొత్త పేరు. దాని చిహ్నాన్ని 2023 నవంబరులో ఇక్కడే, సూరత్‌లోనే ఆవిష్కరించారు. హజీరా దీపస్తంభం, సింహం ఉన్నాయి దానిమీద. 1736లో ఓడలు కట్టడానికి ఈ ఊరినుంచే బొంబాయి వెళ్లిన లవ్‌జీ వాడియాను రచయిత్రి ఇక్కడ తలచుకోవడం నాకెంతో నచ్చింది. ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. సూరత్ నౌక విశాఖపట్నం తరగతిది. నలుగురు అక్కచెల్లెళ్లలో పెద్దది విశాఖపట్నం, చిన్నది సూరత్. పొట్టచేతబట్టుకుని ఇంతదూరం వచ్చిన తెలుగువాడికి ఆ చుట్టరికం ఎంత తీపో!

ఆ ఓడల్లో పనిచేసినవాళ్ల మాటలు ఇంకొన్ని ఉంటే బాగుండేది. మలిముద్రణలో చేర్చమంటున్నాను.

రెండో సూరత్ వచ్చేనాటికి నేను ఉండను. ఆ అధ్యాయమూ నువ్వే రాయాలి, బిడ్డా.