పొట్టి పిల్లర్‌ను పట్టుకున్న లెక్క

జపాన్‌లో పాత బడి భవనాన్ని భూకంపం కోసం పరీక్షించే ఇంజినీరు చివరికి ఒక చిన్న దశాంశ సంఖ్య రాసిస్తాడు. దాన్ని ‘ఐఎస్’ అంటారు. 0.6 దాటితే కూలే ప్రమాదం తక్కువ. 0.3 కంటే దిగితే చాలా ఎక్కువ. బడులకైతే అక్కడి విద్యాశాఖ 0.7 దాటాలంటుంది. ఇంత పెద్ద కట్టడం మంచిచెడ్డల్ని ఒక్క అంకెలో ఇరికించడం మొరటుగా అనిపించవచ్చు. ఆ అంకె తయారయ్యే తీరు చూస్తే మాత్రం పనితనానికి ముచ్చటేస్తుంది.

కథ 1968 మే 16 నాటిది. ఉత్తర జపాన్‌లో వచ్చిన తొకాచి-ఓకి భూకంపంలో, గట్టివనుకున్న కాంక్రీటు బడులే దెబ్బతిన్నాయి. చాలాచోట్ల విరిగినవి కిటికీల పక్కనున్న పిల్లర్లు. అక్కడి బడిలో దక్షిణాన వరుసగా కిటికీలు, ఉత్తరాన పొడవాటి నడవా ఉంటాయి. గదికీ గదికీ మధ్య అడ్డుగోడలుంటాయి కాబట్టి అడ్డంగా భవనానికి బలముంది. పొడవునా మాత్రం భారమంతా పిల్లర్లదే. ఆ పిల్లర్ల నడుమ కిటికీ కింద అరగోడ. (మన బడుల్లోనూ ఇది మామూలే.) అరగోడ పిల్లర్ కింది సగాన్ని బిగించేస్తే ఊగడానికి పై సగమే మిగులుతుంది. పొడవు సగమైతే బిరుసు ఎనిమిది రెట్లు. ఊపు వచ్చినప్పుడు భారాన్ని ముందుగా మీద వేసుకునేదీ, ఎండుపుల్లలా ఫట్టున విరిగేదీ ఆ పొట్టి పిల్లరే. పైగా 1971లో నిబంధనలు బిగించేదాకా పిల్లర్ చువ్వల చుట్టూ వేసే ఉక్కు రింగుల్ని ఎడంఎడంగా కట్టేవారు.

1977లో వచ్చిన పరీక్షా ప్రమాణం ఈ దెబ్బల్ని చదివి పుట్టింది. అందులో నాకు బాగా నచ్చింది, బలాన్ని ఒంటరిగా నమ్మకపోవడం. ప్రతి అంతస్తుకూ, రెండు దిక్కులకూ విడివిడిగా బలాన్ని సాగే గుణంతో గుణిస్తారు. సాగే గుణంలో పొట్టి పిల్లర్‌కు దక్కేది 0.8. కోతకు తెగే మామూలు పిల్లర్‌కు 1.0. వంగి తట్టుకునే పిల్లర్‌కు 1.27 నుంచి 3.2 దాకా. 0.8 ఎంత కఠినమైన తీర్పో చూడండి: 3 మీటర్ల అంతస్తు 6 మిల్లీమీటర్లు పక్కకు జరిగేసరికే ఆ పిల్లర్ పని అయిపోతుంది. అప్పటికి పక్కనున్న పొడుగు పిల్లర్లు తమ పూర్తి బలాన్ని ఇంకా చూపనే లేదు. అందుకే ఆ దశలో వాటి బలాన్ని పూర్తిగా కలపరు. ఎవరు ఎప్పుడు చేతులెత్తేస్తారో తెలిసి వేసిన కూడిక ఇది.

ఆ తర్వాత భవనం ఆకారానికీ, వయసుకూ కోత. వంకరటింకర ప్లాను, పగుళ్లు, ఒక పక్కకు కుంగడం, ఎప్పుడో అగ్నిప్రమాదం జరిగిన జాడ, అన్నీ అంకెను తగ్గిస్తాయి. కాంక్రీటు బలాన్ని కూడా కాగితం చూసి నమ్మరు. గోడల్లోంచి గుండ్రటి కాంక్రీటు ముక్కలు తొలిచి ప్రయోగశాలలో నలగ్గొడతారు. ముక్క మీద ఫినాఫ్తలీన్ చల్లితే ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకు తిరుగుతుంది. గాలి సోకి క్షారం పోయిన మేర రంగు మారదు. ఆ మేర లోపలి చువ్వల దాకా పాకితే తుప్పుకు దారి తెరుచుకున్నట్టే.

మరమ్మతుల్లో ఒకటి మరీ ముచ్చటైనది. పిల్లర్‌కూ అరగోడకూ మధ్య నిలువుగా సన్నటి చీలిక కోస్తారు, అంతే. పొట్టి పిల్లర్ మళ్లీ పొడుగుదవుతుంది. దాని బలం కొంత తగ్గుతుంది, సాగే గుణం పెరుగుతుంది, చాలాసార్లు భవనం అంకె మెరుగవుతుంది. ఎక్కడ కోయాలో చెప్పగలిగే లెక్కంటే నాకు గౌరవం. అది చాలనిచోట కిటికీల వరుసకు ఉక్కు చట్రాలు బిగిస్తారు. జపాన్ బడుల ముఖాన కనిపించే ఏటవాలు దూలాలు అవే.

2002లో ప్రభుత్వ ప్రాథమిక, మాధ్యమిక బడి భవనాల్లో భూకంపానికి తట్టుకోగలవని తేలినవి 44.5 శాతం. 2015కి అవి 95.6 శాతమయ్యాయి. మధ్యలో, 2008 మేలో చైనాలోని సిచువాన్‌లో బడులు కూలాక, 0.3 దాటని భవనాలకు కేంద్రం ఇచ్చే వాటాను సగం నుంచి మూడింట రెండు వంతులకు పెంచారు.

ఐఎస్ అంకెకు కనబడనివీ ఉన్నాయి. 2011లో జపాన్‌లో వచ్చిన పెద్ద భూకంపంలో చట్రం నిలిచిన వ్యాయామశాలల్లో వేలాడే సీలింగులు ఊడిపడ్డాయి. 2018 జూన్ 18న ఒసాకా భూకంపంలో, తకత్సుకిలోని ఒక బడి ఈతకొలను పక్కనున్న బ్లాకుల గోడ కూలి తొమ్మిదేళ్ల పాప చనిపోయింది. భవనం లెక్కలో ఆ గోడ లేదు. ఆ తర్వాతే దేశమంతటా బడుల బ్లాకు గోడల్ని అత్యవసరంగా తనిఖీ చేశారు.