వ్యాసుడు పంచిన పాఠం

వ్యాసుడనగానే మనకు భారతం గుర్తొస్తుంది. పరాశరుడికీ సత్యవతికీ యమున మధ్య లంకలో పుట్టాడని, వినాయకుడు రాస్తుండగా మహాకథ చెప్పాడని, బాసరలో గోదావరి ఇసుకతో సరస్వతిని నిలిపాడని వింటూ పెరిగాం. ఆషాఢ పౌర్ణమి గురుపూర్ణిమ అయింది ఆయన వల్లనే. నాకు మాత్రం వీటన్నిటికన్నా ఆయన చేసిన పంపకం గొప్పదనిపిస్తుంది. వేదరాశిని విడదీసి పైలుడికి ఋక్కులు, వైశంపాయనుడికి యజుస్సులు, జైమినికి సామం, సుమంతుడికి అథర్వం అప్పగించాడంటాయి పురాణాలు. ఒక్కడి వల్ల కాని బరువు నలుగురి మీదికి వెళ్ళింది, వాళ్ళ నుంచి శిష్యపరంపరలకు చేరింది. తర్వాత తాటాకులు వచ్చాయి, అచ్చు వచ్చింది. అయినా వేదానికి ప్రమాణం నేటికీ గురువు నోరే.

తెలుగునాట వైదిక కుటుంబాల్లో ఎక్కువమందిది వైశంపాయనుడి వాటాలోని తైత్తిరీయ శాఖ. గురువుతో తగవుపడి యాజ్ఞవల్క్యుడు కక్కేసిన యజుస్సులను తోటి శిష్యులు తిత్తిరి పక్షులై ఏరుకున్నారన్న కథ దీనిదే. ఈ శాఖ సంహితలో 7 కాండలు, 44 ప్రశ్నలు, 651 అనువాకాలు. అనువాకాన్ని మళ్ళీ యాభై పదాలకొక పనసగా కోస్తారు. అనువాకం ముగిశాక పనసల ఆనవాళ్ళనూ, చివర మిగిలిన పదాల సంఖ్యనూ చెప్పే లెక్క ఒకటి ఉంటుంది. ఒక్క పదం జారినా అక్కడ పట్టుబడుతుంది.

చదువు సంతతో మొదలు. గురువు ఒకసారి చెబుతాడు, శిష్యుడు రెండుసార్లు అంటాడు, ఆ తర్వాత వల్లె. అనుదాత్తానికి గొంతు దిగాలి, స్వరితానికి లేవాలి, ఉదాత్తం నడిమి స్థాయిలో సాగాలి. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని త్వష్ట హోమం చేస్తే, స్వరం తప్పినందుకు ఆ కొడుకే ఇంద్రుడి చేతిలో చచ్చాడని వృత్రాసురుడి కథ. పిల్లల్ని భయపెట్టడానికి ఇంతకన్నా మంచి కథ దొరకదు.

సంహిత వచ్చాక పదపాఠం. సంధులు విడిచి, పదాలను విడివిడిగా చెప్పాలి. ఋగ్వేదానికి దీన్ని కూర్చినవాడు శాకల్యుడు, తైత్తిరీయానికి ఆత్రేయుడు. క్రమంలో పదాలు జంటలవుతాయి: ఒకటి-రెండు, రెండు-మూడు, మూడు-నాలుగు. జటలో ప్రతి జంటనూ ముందుకు, వెనక్కు, మళ్ళీ ముందుకు చెప్పాలి. ఇక ఘన: ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు. అక్కణ్ణుంచి రెండో పదంతో మళ్ళీ మొదలు. లెక్కవేస్తే, మొదట్లోవీ చివరివీ తప్ప ప్రతి పదమూ 13 సార్లు పలుకుతుంది.

ఇదంతా జ్ఞాపకశక్తి ప్రదర్శన అనుకునేవాళ్ళున్నారు. నేనలా అనుకోను. పదాలు తిరగబడితే అర్థం ఆసరా ఇవ్వదు. మంత్రంలో ఎన్నడూ పక్కపక్కన పడని అక్షరాలు కలుస్తాయి, కొత్త సంధి పుడుతుంది, దానితో స్వరం మారుతుంది. ఈ సంధి, స్వరాల నియమాలు చెప్పే ప్రాతిశాఖ్య సూత్రాలు ఒంటబట్టనివాడు రెండో అడుగులోనే తడబడతాడు. అంటే ఘనాపాఠి ప్రతి పదాన్నీ అటునుంచి, ఇటునుంచి వ్యాకరణంతో సరిచూస్తూ పోతున్నాడన్నమాట. ఒక అక్షరం మార్చాలంటే అన్ని పాఠాల్లోనూ, అన్ని ఊళ్ళలోనూ ఒకేసారి మార్చాలి. అది ఎవరి తరమూ కాదు.

ఇంత కట్టుదిట్టం చేసినా పోయింది కొండంత. పతంజలి మహాభాష్యం యజుర్వేదానికి 101 శాఖలు, సామవేదానికి వెయ్యి చెబుతుంది. నేడు సామానికి మిగిలినవి కౌథుమ, రాణాయనీయ, జైమినీయ, మూడే. ఘనపాఠం తప్పును ఆపగలదు గానీ, నేర్చుకునేవాడు లేకపోతే ఏమీ చేయలేదు. అందులోనూ ఆడవాళ్ళకూ, తక్కిన కులాలకూ తలుపు మూసిన చదువు ఇది. నోళ్ళు తగ్గడంలో ఆ మూసివేతకూ పాలుంది.

2003లో యునెస్కో వేదపఠనాన్ని మానవాళి మౌఖిక వారసత్వంగా ప్రకటించింది. తిరుమల తిరుపతి దేవస్థానం పాఠశాలలు నడుపుతోంది. వేదసభల్లో సంభావనలూ ఉన్నాయి. అయితే పలక పట్టే ఈడులో చేరిన పిల్లవాడు క్రమాంతం చేరేసరికే ఏళ్ళు గడుస్తాయి, ఘనకు ఇంకొన్ని కావాలి. కొడుకును చేర్చేముందు తండ్రి ముందుగా అడిగేది ఆ తర్వాతి బతుకుతెరువు గురించే.