గింజకు మొక్కు

గింజా, నీకు దండం.

చైత్రం వచ్చిందంటే అరకు కొండల మీద మొదటి పూజ నీదే. ఇటుకల పండుగకి విత్తనాలు దేవుడి ముందుకు చేరతాయి. మగవాళ్లు వేటకి పోతారు, ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి పాటలు కడతారు, పొద్దుపోయేదాకా ధింసా ఆడతారు. నీకు మొక్కకుండా నాగలి కదలదు. పంట చేతికొచ్చాక కూడా నిన్ను ఊరికే నోట పెట్టరు. సామకొత్త, కొర్రకొత్త, కందికొత్త అంటూ పంట పంటకీ పండుగ చేసి, పెద్దలకి పెట్టి, అప్పుడు తింటారు. బగతలు, కొందులు, గదబలు, పోర్జలు, కొటియాలు, ఎవరి తీరు వారిది. నిన్ను కళ్లకద్దుకోవడం మాత్రం అందరిదీ ఒక్కటే.

వాళ్లకి నువ్వు పుట్టుకతో వచ్చిన దేవతవి. ఇవాళ నేను నీకు చెప్పుకోవాలనుకున్నది మరొకరి సంగతి. నిన్ను పుస్తకాల్లో చదివి, నగరాల్లో కొనుక్కుని తిని, ఒకనాడు నీ విలువ తెలిసి, ఉన్న కొలువు వదిలి నీ దగ్గరికి నడిచి వచ్చినవాళ్ల సంగతి.

వదలడం చిన్న పని కాదు. నెల తిరిగేసరికి ఖాతాలో పడే జీతం ఎంత గట్టి గొలుసో మధ్యతరగతి ఇంట్లో పుట్టినవాళ్లకి తెలుసు. అమ్మ మందులు దాని మీదే, పిల్లల ఫీజులు దాని మీదే, నలుగురిలో కూర్చునే మర్యాదా దాని మీదే. దాన్ని తెంపుకుని మడిలో దిగినవాణ్ణి చూసి ఊరు నవ్వుతుంది. చదివిన చదువంతా మట్టిపాలు చేశాడంటుంది. ఆ మాట పడి, తల వంచుకుని, నారు పట్టుకున్న ప్రతి చేతికీ దండం.

అరకు నుంచి రైలెక్కితే కోరాపుట్ చేరుస్తుంది. అక్కణ్ణుంచి మరో దారి కొండల్లోనే మెలికలు తిరుగుతూ రాయగడకి దిగుతుంది. ఆ పైన బిసమ్ కటక్, దాని పక్కన కెరండిగుడ అనే చిన్న ఊరు, ఎదురుగా నియమగిరి. తూర్పు కనుమలు రాష్ట్రాల సరిహద్దు ఎరగవు. అరకులో ఉన్న ఎర్ర నేలే అక్కడా, చోడి అంబలే అక్కడా. ఆ కొండ పాదం దగ్గర దేబల్ దేబ్ అనే మనిషి నీకు ఒక ఇల్లు కట్టాడు. దాని పేరు వ్రీహి. సంస్కృతంలో నీ పాత పేరే.

ఆయన బెంగాలీ. కలకత్తాలో జీవావరణ శాస్త్రం చదివి, ప్రపంచ వన్యప్రాణి నిధి సంస్థలో ఉద్యోగం చేసేవాడు. 1991 వేసవిలో దక్షిణ బెంగాల్‌లో దేవతా వనాల లెక్క తీస్తూ, ఎండకి అలసి ఒక సంతాల్ ఇంటి మామిడిచెట్టు కింద కూలబడ్డాడు. ఆ ఇంటి ఇల్లాలు నిండు గర్భిణి. ఎర్రటి గంజి తాగుతోంది. ఏమిటని అడిగితే, భూత్‌మూరి బియ్యం వార్చిన గంజి అన్నారు. కడుపుతో ఉన్నప్పుడూ కాన్పయ్యాకా ఆడదానికి రక్తం పట్టాలంటే ఇదే తాగించాలన్నారు. ఆ బియ్యంలో ఇనుమూ బి విటమిన్లూ మెండుగా ఉన్నాయని ప్రయోగశాల తరువాతెప్పుడో తేల్చింది. ఆ ఇంటికి తరతరాలుగా తెలిసిన సంగతే అది.

గింజా, ఆ మధ్యాహ్నం నువ్వు ఆయన్ని పట్టుకున్నావు. ఆయన పనిచేసే సంస్థకి పులులు కావాలి, ఖడ్గమృగాలు కావాలి. అంతరించిపోతున్న వరి ఆ లెక్కలో లేదు. 1970కి ముందు ఈ దేశంలో లక్షా పదివేల వరి రకాలుండేవని, ఇప్పుడు పొలాల్లో ఏడువేలు కూడా మిగల్లేదని ఆయన అంచనా. పులి పోతే ఏడ్చేవాళ్లున్నారు. నువ్వు పోతే, రేపు నిన్ను తినాల్సిన పసివాడికి కూడా తెలియదు. ఆయన ఉద్యోగం మానేశాడు. ఊరూరా తిరిగి, గుప్పెడు గుప్పెడు అడిగి తెచ్చుకుని, 1997లో విత్తనాల బ్యాంకు పెట్టాడు. మొదట బెంగాల్‌లోని బాంకురాలో వసుధ పేరుతో సాగు చేసి, తరువాత ఈ కనుమల్లోకి వచ్చాడు. ఇప్పుడు ఆయన దగ్గర నీ రూపాలు పద్నాలుగు వందలకి పైనే.

ఎన్ని రూపాలమ్మా నీవి! ఒక్క ఊక లోపల రెండు బియ్యపు గింజలు దాచుకున్న జుగల్‌వి నువ్వే. మూడు దాచుకున్న సతీన్‌వీ నువ్వే. వరద ఎంత లేస్తే అంత లేచి, నీళ్ల పైన తల నిలబెట్టుకునే లక్ష్మీదీఘల్‌వి నువ్వే. నల్ల ఊక, ఎర్ర బియ్యం, పొడుగు ముల్లు, ఊదారంగు ఆకు, వండితే వీధి చివరిదాకా వాసన. వానకి ఎదురుచూసే మెట్టకి ఒకటి, మోకాలి లోతు పల్లానికి ఒకటి, ఉప్పు నేలకి ఒకటి. ఇవన్నీ ఎవరు చేశారు? ఏ పట్టా లేని, ఏ పత్రికలోనూ పేరు పడని ఆడవాళ్లు. కళ్లం మీద మంచి వెన్ను చూసి, కోసి పక్కకి పెట్టి, చూరుకి వేలాడదీసిన చేతులు.

కెరండిగుడలోని ఆయన చిన్న పొలంలో ఇన్ని రకాలని కలగాపులగం కాకుండా కాపాడటమే పెద్ద సాధన. వరి పువ్వు పొద్దుటి పూట కాసేపే విచ్చుకుంటుంది. ఆ కాసేపట్లో పక్క మడి పుప్పొడి వచ్చి వాలిందా, వందల ఏళ్ల ఆనవాలు చెదిరిపోతుంది. అందుకని ఏది ఎప్పుడు ఈనుతుందో రాసుకుని, పక్కపక్క మళ్లలో ఒకే రోజుల్లో పూత పట్టే రకాలు పడకుండా ఏటేటా మళ్లీ కొత్తగా మడుల క్రమం వేస్తారు. ఆకు, పొట్ట, వెన్ను, ముల్లు, ఊక, బియ్యం, ఒక్కోదాని గుణమూ చూసి రాస్తారు. బెరుకు మొక్క కనిపిస్తే పీకేస్తారు. శీతల గదుల్లో గడ్డకట్టించి దాచిన విత్తనానికి మారుతున్న వాన తెలియదు, కొత్త పురుగు తెలియదు. ప్రతి ఏడూ నేలలో పడి లేచిందానికే తెలుస్తుంది. కాబట్టి ఆ పద్నాలుగు వందల రకాలనీ ఏటా నారు పోయాలి, ఏటా ఊడ్చాలి, ఏటా కోయాలి. సెలవు లేని కొలువు అది.

ఇదంతా ఆకలికి ఏం చేస్తుందని అడిగేవాళ్లకి రెండు సంగతులు చెబుతాను.

అదే రాయగడ జిల్లాలో కాశీపూర్ ఉంది. 2001లో అక్కడ గిరిజనులు మామిడి టెంకల పిండితో కాచిన అంబలి తాగి ప్రాణాలు పోగొట్టుకున్నారు. సర్కారు గోదాములు బియ్యంతో, గోధుమలతో పొంగిపొర్లుతున్న ఏడాది అది. ఆ నవంబరులోనే సుప్రీంకోర్టు బడిపిల్లలకి వండిన అన్నం పెట్టి తీరాలని ఆదేశించింది. నాకు ఇవాళ్టికీ మింగుడుపడదు: అన్నం దేశంలో ఉంది, ఆ కొండ మీద లేదు. కొండ మీద పండే సామా, చోడీ, కొండవరీ ఒక్కొక్కటే వెనకబట్టి, చేతిలో డబ్బూ లేక, దుకాణంలో బియ్యమూ అందక టెంక మిగిలింది. సొంత గాదెలో విత్తనం ఉన్న ఇల్లు అంత తొందరగా టెంక దాకా రాదు.

రెండోది 2009 నాటిది. ఐలా తుపాను సుందరబన్స్ పొలాల్లోకి సముద్రాన్ని తోసింది. ఉప్పెక్కిన మడుల్లో కొత్త రకాలు నిలవలేదు. వ్రీహి నుంచి వెళ్లిన కాసిని ఉప్పునేల విత్తనాలు నిలబడి ఈనాయి. ఎప్పుడో ఎవరో తీరం రైతు దాచిందే, మళ్లీ తీరానికి చేరింది.

వదిలి వచ్చినవాళ్లలో ఆయన ఒక్కడే కాదు. మన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో పి.వి. సతీశ్ ఉండేవారు. దూరదర్శన్ నిర్మాత కొలువు కాదనుకుని, 1983లో మిత్రులతో కలిసి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలుపెట్టి, 2023 మార్చిలో కన్నుమూసేదాకా ఆ ఎర్రమట్టినే నమ్ముకున్నారు. అక్కడి దళిత మహిళా సంఘాలు బీడు పడ్డ చెలకల్ని లేపి, జొన్నా కొర్రా పండించి, ఊళ్లోనే నిల్వచేసి, ఊళ్లో నిరుపేద ఎవరో తామే తేల్చి, వాళ్లకి తక్కువ ధరకి కొలిచాయి. అరకులో మనోజ్ కుమార్ బ్యాంకింగ్ వదిలి నాంది ఫౌండేషన్ బాధ్యత తీసుకున్నారు. గిరిజన రైతుల కాఫీ 2017లో పారిస్‌లో సొంత దుకాణం తెరిచింది. కాఫీ కడుపు నింపదు నిజమే. కానీ సంతలో దళారి చెప్పిన ధరకి తలూపిన కుటుంబం, తన పంటకి తగిన ధర అందుకోవడం కూడా అన్నమే. అయినా నా మొక్కు గింజకే ఎక్కువ. ధర పడిపోయిన ఏడు కాఫీని వండుకోలేం.

గింజా, వదలడానికి ఏ కొలువూ లేని తల్లికి ఇంకా పెద్ద దండం పెట్టాలి. కోరాపుట్ జిల్లా జయపురం దగ్గర పాత్రాపుట్‌లో కమలా పూజారి అనే పరోజా మహిళ ఉండేది. బడి ముఖం చూడలేదు. ఇల్లిల్లూ తిరిగి, కాలాజీరా లాంటి దేశవాళీ వరిని కూడబెట్టింది. 2019లో పద్మశ్రీ వచ్చింది, 2024 జూలైలో వెళ్లిపోయింది. దేబ్ లాంటి శాస్త్రవేత్త అన్నీ వదిలి చేరుకున్న ఈ కొండల్లోనే ఆవిడ పుట్టింది. చదువుకున్నవాడు వచ్చి ఈ కొండలకి అన్నం నేర్పాడని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. ఆయన వచ్చి నేర్చుకున్నాడు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

వంశధార కింద పండిన బియ్యం తిని పెరిగినవాణ్ణి నేను. ఆ నది నియమగిరి వైపు కొండల్లో పుట్టి, గుణుపురం మీదుగా వచ్చి, గొట్టా బ్యారేజీ దగ్గర ఆగి, సిక్కోలు మడులు తడిపి కళింగపట్నంలో సముద్రాన్ని కలుస్తుంది. 2013లో నియమగిరి మీది పన్నెండు పల్లెలు గ్రామసభ పెట్టుకుని, బాక్సైట్ తవ్వకం వద్దని ఏకగ్రీవంగా తేల్చి చెప్పాయి. కొండ మిగిలింది, ఊట మిగిలింది, మా కంచంలో మెతుకు మిగిలింది. ఆ పన్నెండు ఊళ్ల పేర్లు మా ఆయకట్టులో చాలామందికి తెలియవు. తెలియాలి.

కెరండిగుడలో విత్తనానికి ధర లేదు. వేలమంది రైతులు అక్కణ్ణుంచి పట్టుకెళ్లారు. షరతు మాత్రం ఉంది: తీసుకున్నవాడు తన నేలలో వేయాలి, పండాక అడిగిన తోటి రైతుకి పంచాలి. అమ్ముకోకూడదు.