మా అమ్మ తెల్లారగట్ల ప్రార్థన

మా అమ్మకి అక్షరం రాదు. అయినా ఈ వ్యాసం ఆమె సాహిత్యం మీదనే. సాహిత్యం అన్నందుకు నవ్వేవాళ్లు నవ్వుకోండి. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఆమె రోజూ నాలుగింటికి లేచి, మోకాళ్ల మీద కూచుని, ఏ పుస్తకమూ చూడకుండా, ఏ రోజుకారోజు కొత్తగా అల్లి చెప్పే మాటలకి ఏం పేరు పెట్టాలి? మేలుకొలుపు పాటల మీద వ్యాసాలు చదివాను. తత్వాల మీద చదివాను. మాదిగపల్లెలో తెల్లారగట్ల లేచే ఈ గొంతు గురించి రాసింది నా కంటబడలేదు. అందుకే నేనే రాస్తున్నా.

మాది ఒంగోలు దగ్గర పల్లె. అమ్మ పొగాకు గుచ్చేది, మిరపకాయల కోతకి పోయేది. మేస్త్రి కేక వేసేలోపు ప్రార్థన అయిపోవాలి. చాప మీద నిద్రపోతా నేను విన్న ప్రార్థన ఇట్టా ఉండేది:

"లేచానయ్యా యేసయ్యా. నిన్న మేస్త్రి పూట కూలి ఎగ్గొట్టాడు, నువ్వు చూశావుగా. పిల్లోడికి పరీక్ష ఫీజు కట్టాల, శుక్రారం దాకా టైముంది. ఆయన దగ్గు తగ్గలా. పక్కింటి పిల్లకి నెలలు నిండినయ్, ఈ వారం దాన్ని కనిపెట్టుకో. నాకు మోకాళ్లు పట్టేసినయ్, అది తర్వాత చూద్దువులే. నువ్వు మాటిచ్చినోడివి. నేను అడుగుతానే ఉంటా."

ఇందులో పరలోకం ఎక్కడుంది? లేదు. కూలి లెక్క ఉంది, ఫీజు గడువు ఉంది, ఇంకొకరి కాన్పు ఉంది. తన నొప్పి అన్నిటికంటే చివర్న ఉంది. ఇది అర్జీ. అర్జీతోపాటు ఫిర్యాదు కూడా. "నువ్వు చూశావుగా" అనడంలో దేవుణ్ణి సాక్షిగా బోనులో నిలబెట్టడం ఉంది. విశ్వాసం అంటే అన్నీ ఒప్పుకుని తల వంచడమని నేను చదివిన ధ్యాన పుస్తకాలు చెబుతాయి. మా అమ్మ విశ్వాసం తల వంచింది. నోరు మాత్రం మూసుకోలేదు.

ఈ ప్రార్థనలో అన్నిటికన్నా పెద్ద సంగతి "నువ్వు" అనే మాట. ఊళ్లో మా అమ్మ "నువ్వు" అనగలిగిన పెద్దమనిషి ఒక్కడు లేడు. ఆసామిని "అయ్యా, తమరు" అనాలి. ఆసామి కొడుకు, నా ఈడువాడు, వాణ్ణీ "అయ్యా" అనాలి. వాడు మాత్రం అమ్మను "ఏమే" అంటాడు. అట్టాంటి మనిషి రోజూ పొద్దున్నే లేచి లోకాన్ని చేసినోణ్ణి పట్టుకుని "నువ్వు" అంటంది. ఆ తర్వాతే పొలం పోయి "తమరు" అంటంది. దేవుణ్ణి అందరూ "నువ్వు" అనే అంటారు, రామదాసూ రాముణ్ణి నిలదీశాడు కదా అని మీరనొచ్చు. నిజమే. కానీ రామదాసు తాసీల్దారు. ఆయన "నువ్వు" అనగలిగిన మనుషులు చాలామంది ఉండి ఉంటారు. మా అమ్మకి ఒక్కడే ఉన్నాడు. మాట ఒకటే అయినా, అన్న మనిషిని బట్టి దాని బరువు మారుద్ది. ఈ తేడా పట్టుకోలేని విమర్శ మా పల్లె దాకా రాలేదని అర్థం.

జాషువా 1941లో "గబ్బిలం" రాశాడు. గుడిలోకి పోలేని అరుంధతీసుతుడు తన గోడు కాశీలోని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపాడు. మనిషికి దారి లేదు, గబ్బిలానికి ఉంది. తెలుగు కవిత్వంలో దానంత గట్టి దెబ్బ తక్కువ. అదే జాషువా రాసిన "క్రీస్తు చరిత్ర"కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన పద్యం ముందు నేను చేతులు కట్టుకునే నిలబడతా. కానీ మా అమ్మను విన్నాక ఒక మాట తోస్తది. గబ్బిలం రాత్రి పూట పంపిన కబురు. మా అమ్మది తెల్లారగట్ల మాట, మధ్యలో ఎవరూ లేరు. ఒకటి మూసిన తలుపు గురించి. రెండోది తలుపే లేని చోటు గురించి. రెండూ దళిత సాహిత్యమే. ఒకటి పాఠంగా వచ్చింది, రెండోది చాప మీదే ఆగిపోయింది.

మా ఒంగోలుకి ఒక ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1న తెల్లారగట్ల జ్యూయెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు క్రైస్తవులతో ఆ కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ సంగతి మిషను చరిత్రల్లో భద్రంగా ఉంది. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ మీద మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకి కూలి చూపించాడు. కరువు సాయం జరిగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తిండి కోసం కలిశారని ఎగతాళి చేసేవాళ్లు ఈ వరస ఒకసారి చూసుకోవాలి. దొరల ప్రార్థన చరిత్రకెక్కింది. ఆ 2,222 మంది మర్నాడు లేచి ఏమని ప్రార్థించారు? ఎవర్ని "నువ్వు" అన్నారు? వాళ్ల మాటలు ఎవరు రాసిపెట్టారు? చర్చిలో పాడే కీర్తనల్లో చాలా పేరున్నవి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరివి. గొప్ప పాటలు. అమ్మ వాటిని ఆదివారం పాడుద్ది. నోరు తిరగని సంస్కృతం దగ్గర తన మాట పెట్టుకుంటది. కానీ మిగతా ఆరు రోజులకీ ఆమె తన ప్రార్థన తనే కట్టుకుంది.

ఇప్పుడు మనవాళ్ల సంగతి. కాలేజీలో నేనూ ఇదంతా మత్తుమందు అని వాదించినవాణ్ణే. అమ్మ ప్రార్థన చేస్తా ఉంటే దుప్పటి ముసుగేసుకుని విసుక్కున్నవాణ్ణే. మా నాయనకి క్షయ వచ్చింది. పల్లెకి వచ్చిన ఒక బోధకుడు మాత్రలు మానేసి నమ్మకం ఉంచమన్నాడు. నయం కాకపోతే నమ్మకం చాలదన్నాడు. అమ్మ ఆయనకి దణ్ణం పెట్టి పంపింది. సర్కారు మాత్రలు ఆరు నెలలూ, ఒక్క రోజు తప్పకుండా, ప్రార్థన అయినాక తనే నాయన నోట్లో వేసింది. "డాక్టర్ని పంపింది ఆయన కాదూ?" అంది. మత్తులో ఉన్నదెవరు? అమ్మా, ఆ బోధకుడా, పుస్తకం చదివి అమ్మను తేల్చేసిన నేనా? దావీదు కీర్తనల్లో మూడోదీ అయిదోదీ పొద్దుటి ప్రార్థనలే. రెండింట్లోనూ శత్రువులున్నారు, మొర ఉంది. ఆ మొర తీసేసి ఓర్పు ఒక్కటే మాకు బోధించినవాళ్లు బైబిల్ని సగమే చదివారు. చదువు రాని అమ్మ మొత్తం విన్నది.

చివరిగా నా నేరం చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా షెడ్యూల్డు కులం హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మా రాష్ట్రంలో క్రైస్తవ దళితుల్ని బీసీ-సి అన్నారు. బాప్తిస్మం తీసుకున్నందుకు మా పల్లెలో ఎవరికీ ఊరిబావి దొరకలేదు. టీ కొట్టు గ్లాసు మారలేదు. మారింది కాయితమే. నా కాయితంలో హిందువు అని ఉంది. ఆ కాయితం మీదే సర్కారు బడిలో ఉద్యోగం వచ్చింది. మా వంశంలో మొదటి డిగ్రీ, మొదటి జీతం.

టౌన్లో ఇల్లు అద్దెకి తీసుకుని అమ్మను తెచ్చుకున్నా. నాలుగో రోజు ఇంటాయన అడిగాడు, "మాస్టారూ, పొద్దున్నే మీ ఇంట్లో ఏంటా మాటలు?" అని. కులం చెప్పకుండా తీసుకున్న ఇల్లు. మతం చెప్పకుండా తీసుకున్న కాయితం. ఆ రాత్రి అమ్మతో, "కొంచెం మెల్లగా చేసుకోవే" అన్నా.

మర్నాడు నాలుగింటికి మెలకువ వచ్చింది. ఇల్లంతా నిశ్శబ్దం. అమ్మ మోకాళ్ల మీదే ఉంది. పెదాలు కదుల్తున్నాయి. ఆసామి మూయించలేని నోరు, బోధకుడు మూయించలేని నోరు, బీఏ బీఈడీ చదివిన కొడుకు మూయించాడు.

"వినపడకపోతే ఎట్టమ్మా?" అన్నా, సిగ్గుతో.

"ఆయనకి ఇనపడిద్దిలేరా. ఇనపడకుండా పోయింది నీకే."

ఇది రాయడానికి నా చెయ్యి వణికింది. అయినా రాశాను. ఎందుకంటే అమ్మ ప్రార్థనని సాహిత్యం కాదన్నవాళ్ల మీద కోపంతో మొదలుపెట్టాను. తీరా చూస్తే దాన్ని ఆపించిన మొదటివాణ్ణి నేనే. దళిత రచయితలు ముందు తమ ఇంట్లో తెల్లారగట్ల ఏం మాట్లాడుతున్నారో వినాలి. నిన్నట్నుంచి అమ్మని గట్టిగానే చెయ్యమన్నా. ఇంటాయన అడిగితే చెప్పే జవాబు కూడా సిద్ధం చేసుకున్నా.